వెనక్కి తీసుకోని మెయిల్

నాన్నగారికి మీ చిన్నమ్మాయి నమస్కరించి రాయునది. ఇక్కడ నేనూ, మీ అల్లుడుగారూ, పిల్లా కులాసాగానే ఉన్నాం. మీ మోకాలి నొప్పి తగ్గిందని అన్నయ్య చెప్పాడు. అయినా మెట్లెక్కడం మానండి.

“స్టాంపు లేదు, ముద్ర లేదు, చేతిరాత లేదు. అదేం ఉత్తరం? దానికోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?” అని పోయిన ఉత్తరంలో కోప్పడ్డారు. ముప్పై ఏళ్ళు టపా పంచినవారు కదా, అడగడం న్యాయమే. ఈమెయిల్‌లో ‘ఈ’ అంటే ఎలక్ట్రానిక్. ‘మెయిల్’ అంటే మొదట్లో సంచి అట, మీ మనవరాలు నిఘంటువులో చూసి చెప్పింది. ఉత్తరాలు మోసే సంచి పేరే పోనుపోను ఉత్తరాలకు అంటుకుందట. ముద్ర కూడా ఉంటుంది నాన్నా. ఏ రోజు, ఎన్ని గంటలకు పంపామో దానంతటదే పడుతుంది. మా లాండ్రీలో సెలవు చీటీ నుంచి సబ్బుపొడి దాకా అన్నీ మెయిల్లోనే అడగాలి.

ఇక జరిగింది మొదటి నుంచీ రాస్తాను. మా ఇస్త్రీ గదిలో ఆవిరి గొట్టం అతుకు దగ్గర కారుతోందని మేనేజరుకు మూడుసార్లు నోటితో చెప్పాను. “చూద్దాంలే” అన్నాడు. ఒక మంగళవారం మెయిల్ పెట్టాను. దానికీ “చూద్దాం” అనే జవాబు వచ్చింది. గురువారం ఆ గొట్టం పగిలింది. మా గదిలోనే పనిచేసే, మేమంతా పెద్దమ్మ అని పిలుచుకునే ఆవిడకు కుడిచెయ్యి మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిపోయింది. “కారుతోందని నాకెవరూ చెప్పలేదు. ఆవిడే మీట తప్పుగా తిప్పింది” అని మేనేజరు ఆ ప్రమాదం మీద విచారణకు వచ్చిన అధికారికి రాసిచ్చాడు.

నా దగ్గర మెయిల్ ఉందని తెలిసి నన్ను గదిలోకి పిలిచాడు.

“అది వేరే యంత్రం గురించి అని చెప్పు. ఆ మెయిల్ వెనక్కి తీసుకో. నిన్ను సూపర్‌వైజర్ని చేస్తా.”

“డబ్బాలో వేసిన ఉత్తరం వెనక్కి రాదు సార్. మా నాన్న పోస్ట్‌మ్యాన్.”

మర్నాడే నన్ను పనిలోంచి ఆపారు. అప్పుడే మీరు “తగ్గి క్షమాపణ అడుగు” అని రాశారు. నేను తగ్గలేదు. నిన్న విచారణలో ఆ మెయిల్నీ, దాని కింద మేనేజరు జవాబునూ కాగితం మీద తీసి అధికారి ముందు పెట్టాను. ఆయన రెండుసార్లు చదివి, “తప్పు ఆవిడది కాదు” అని రాశాడు. పెద్దమ్మ వైద్యం ఇక కంపెనీయే చేయించాలి.

నాన్నా, మీకు రాయకుండా దాచింది ఒకటుంది. ఆ మెయిల్ నేను మంగళవారం రాయలేదు. అంతకు తొమ్మిది రోజుల ముందే రాశాను. పంపే మీట నొక్కడానికి చెయ్యి రాలేదు. ఉద్యోగం పోతుందేమోనని డ్రాఫ్ట్స్‌లో, అంటే పంపని వాటిని దాచే చోట, అలాగే ఉంచేశాను. రోజూ తెరిచి చదవడం, మూసెయ్యడం. ఆ తొమ్మిది రోజులు పోకుండా ఉంటే ఆ చెయ్యి కాలేది కాదేమో. నిన్న అధికారి అడక్కపోయినా ఇది కూడా చెప్పాను. మేనేజరు నవ్వాడు, నవ్వనీ.

బయటికొచ్చాక పెద్దమ్మ చాలాసేపు నా మొహం చూడలేదు. చివరికి, “తొమ్మిది రోజులా?” అంది. “భయమేసింది పెద్దమ్మా” అన్నాను. ఆవిడ కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, “మంచినీళ్ళు పట్టు” అంది. గ్లాసు నేనే పట్టుకుని తాగించాను.

పై అధికారులను కించపరిచానని క్షమాపణ రాసిస్తే సోమవారం పనిలోకి రానిస్తారట. పెద్దమ్మకు చెప్పాల్సిన క్షమాపణ చెప్పుకున్నాను. వీళ్ళకు చెప్పాల్సింది ఏమీ లేదు. సోమవారం ఉట్టి చేతులతోనే వెళ్తాను. గేటు దగ్గర ఆపితే గేటు దగ్గరే నిలబడతాను. ఇస్త్రీ గదిలో పదకొండు మందీ నాతోపాటు బయటే నిలబడతామన్నారు. దయచేసి తగ్గమని మాత్రం మళ్ళీ రాయకండి.

ఇట్లు,
మీ మాట మొదటిసారి కాదన్న
మీ చిన్నమ్మాయి