నేను కొట్టేసిన నాలుగో కోరిక

2010 జనవరి 18, జనగామ

ఇప్పుడే రాయాలి. వచ్చే వారం శుక్రవారం, 29న లేబర్ ఆఫీసరు విచారణకు వస్తాడు. ఆలోపు నన్ను పాత తేదీతో ఒక అర్జీ రాయమంటున్నారు. అది రాశాక అసలు జరిగిందేదో నాకే గుర్తుండదేమోనని భయం.

డిసెంబరులో జిన్నింగ్ మిల్లు షెడ్డులో ఆడవాళ్లం కూర్చున్నాం. చదువొచ్చినదాన్ని కాబట్టి సంఘంలో రాత పని నాది. పదకొండు ఫిర్యాదులు వచ్చాయి. సంఘం పెద్ద సాయిలన్న అన్నాడు— "మూడే రాయి బిడ్డా. పదకొండు రాస్తే మేనేజరు ఒక్కటి గూడ సదవడు. ఏది ముఖ్యమో నీకే ఎరుక."

నాకే ఎరుక...

రాస్తారోకో రోజు సెలవు. తాగే నీళ్లు. మేనేజరు మన తెలంగాణ మాటను వెక్కిరించడం మానాలి. నాలుగోది పత్తి మిషను మీద పనిచేసే రజియక్కది— దాని బెల్టుకు అడ్డంగా ఇనుప జాలీ బిగించాలని. స్కేలు పెట్టి కొట్టేశాను.

జనవరి 19

రజియక్క అన్నిటికీ సణిగేది. చాయ్ పలచన, ఫ్యాను చప్పుడు. అందుకే చెవిన పెట్టలేదు.

"జాలీ సంగతి మరువకు బేటీ. కొంగు గుంజుతాంది."

"రాష్ట్రం కోసం కొట్లాడుతుంటే నీ జాలీ ఏందక్కా?"

అందరూ నవ్వారు. ఆమె కూడా.

మేనేజరు నా 'గిట్ల'ను అందరి ముందు సాగదీసి పలికాడు ఒకసారి. అది అందరి అవమానమని రాశాను. ఎక్కువగా నాదే.

జనవరి 20

కొత్తగూడ నుంచి అమ్మ, మా యాడి, ఫోన్. బిడ్డ సంఘంలో రాస్తుందని తండా అంతా చెప్పుకుంటున్నారట. ఊ కొట్టాను.

జనవరి 21

మా మాటను వెక్కిరించినందుకు మేనేజరు తప్పు ఒప్పుకున్న రోజు చప్పట్లు కొట్టాం. తొమ్మిది రోజులకు రజియక్క కొంగు బెల్టులో పడింది. విడిపించబోయిన కుడిచేయి... మూడు వేళ్లు.

కాటా దగ్గర బరువులు రాస్తుంటే వెనుక నుంచి "బేటీ" అన్నట్టుంటుంది. తిరిగి చూస్తే దూది ఎగురుతూ ఉంటుంది. అంతే. మళ్లీ రాయబోతే అంకె మరిచిపోతాను.

జనవరి 22

సాయిలన్న మళ్లీ—

"జాలీ డిసెంబర్లనే అడిగినమని రాయి. మనం ఇచ్చినవాటికి ఆ మేనేజరు రసీదు ఎన్నడన్న ఇచ్చిండా? ఎట్ల కాదంటడు?"

"అడగలేదు గదన్నా. అడగకున్నా పెట్టాల్సింది వాళ్లే గదా."

"గది ఆఫీసరుకు చెప్పు, ఇంటడేమో. ఎవ్వలు చెప్పలేదు, ఆమెదే తప్పంటడు మేనేజరు. ఇగ రజియా ఏడ పనికి పోతది?"

ఆయన రజియక్క కోసమే అడుగుతున్నాడు. కానీ ఆ అబద్ధం వెనుక నేనూ దాక్కోవచ్చు. చేతిలోకి పెన్ను తీసుకున్నాను కూడా... ఎంత సులువుగా తీసుకున్నానో.

జనవరి 23

రజియక్క చిట్యాలలో, అమ్మగారింట్లో ఉంది. ఉత్తరం ఆమె కూతురు చదివి వినిపిస్తుంది. పంపేముందు ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

అక్కా, నువ్వు జాలీ అడిగినవ్. నేను కొట్టేసిన. ఆ చిత్తు కాగితం నా దగ్గరే ఉంది. అది ఆఫీసరుకు ఇస్తే నువ్వు అడిగినట్టు తెలుస్తది, మేము మేనేజరుకు చెప్పనట్టూ తెలుస్తది. సాయిలన్న కొత్త అర్జీ రాయమంటున్నడు. దాంతో నీకు మేలు కావచ్చు. నా తప్పు మాత్రం ఎవ్వరికీ కనపడదు. నీ చెయ్యి మీద నాకు నేనే ఇంకోసారి నిర్ణయం చేయలేను. ఏ కాగితం ఇయ్యాల్నో బుధవారం, 27 లోపు కబురు పంపు.