కుడి డొక్క

ప్రియమైన అక్కకి,

చేరాను, బతికే ఉన్నాను. ఫోన్లు మొదటిరోజే లాక్కుని అలమరాలో పెట్టి తాళం వేశారు, అందుకే ఈ కాగితాలు. నా చేతిరాత చూసి నవ్వకు, వేళ్లకి కట్లున్నాయి.

బాక్సింగ్ క్యాంపు అంటే ఏదో అనుకున్నాను. ఇది గోదాము. అమ్మాయిలం ఏడుగురం, జట్టులోకి తీసుకునేది ముగ్గురినే. మా మాస్టారికి బరువు తూచే యంత్రం అంటే నమ్మకం లేదు. "బరువు అబద్ధమాడుద్ది. కండా తూగుద్ది, నీళ్లూ తూగుతాయి. కొవ్వొక్కటే నిజం చెప్పుద్ది" అంటాడు. అది కొలవడానికో పరికరం ఉంది, మేం పటకారు అని పేరు పెట్టాం. పొద్దున్నే వరసలో నిలబడి బనియన్ పైకెత్తాలి. కుడి డొక్క మీద చర్మం వేళ్లతో లాగి పట్టుకుని, ఆ మడతని పటకారుతో నొక్కుతాడు. ముల్లు ఎన్ని మిల్లీమీటర్లు చూపిస్తే అంత కొవ్వు ఉన్నట్టు. సెలెక్షన్ నాటికి నాది పన్నెండుకి దిగాలి. దిగకపోతే పెట్టె సర్దుకోవడమే.

ముల్లు ముందురోజు కంటే ఎంత పెరిగితే అన్ని రౌండ్లు గునపంతో ఆడాలి. గునపం మనిషే, సాటి బాక్సరే. దాని ఎడంచెయ్యి వచ్చి నా కుడి పక్కటెముకల కింద దిగిందంటే ఊపిరి ఆగిపోతుంది, కాళ్లు నా మాట వినవు. నిన్న మామూలు ప్రాక్టీసులోనే మూడోసారి దిగేసరికి మోకాళ్ల మీద పడి, గ్లవ్స్ మీదే కక్కేశాను. "లేవ్వే. ఏడ్చేది నువ్వు కాదు, నీ కొవ్వు" అన్నాడు మాస్టారు పైనుంచి.

వచ్చినప్పుడు నాది పదిహేను. గుడ్లు, దోసకాయలు తప్ప ఇంకేం ముట్టుకోలేదు, ఒట్టు. ఇవాళ పదహారు చూపించింది. ఎందుకో అర్థం కావట్లేదు.

నీ పిడుగు

*

ప్రియమైన పిడుగుకి,

ఆ మాస్టారి నోట్లో మన్నుపడ. ఏడ్చేది కొవ్వా? వాడి దవడ పగిలితే ఏది ఏడుస్తుందో చూడాలి.

ఈ వారం ఇక్కడా బాక్సింగే. మా కుట్టుషెడ్డు సూపర్‌వైజరు కొత్తగా చేరిన పిల్ల నడుం మీద చెయ్యేశాడు. నేను పక్క మిషను మీదే ఉన్నాను. చెక్క స్కేలు తీసి ఆ చేతి మీద ఒక్కటిచ్చాను, స్కేలు విరిగింది. వాడి బొటనవేలు వంకాయలా వాచింది. ఇవాళ్టికీ కత్తెర రింగులో ఆ వేలు దూరట్లేదు, గుడ్డ పక్కవాడు కత్తిరించి పెట్టాల్సొస్తోంది. నన్ను తీసేస్తామన్నారు. తీసెయ్యండి, షెడ్డులో ఆడవాళ్లందర్నీ తీసెయ్యండి అన్నాను. నోరు మూసుకుని పోయారు.

కానీ ఒకటడుగుతాను, కోపం తెచ్చుకోకు. తినకుండా కొవ్వెలా పెరుగుతుందే? పంచదార డబ్బా మంచం కింద దాచుకున్నదానివి నువ్వు. ఎంత చెడ్డవాడైనా ఆయన ఆ పనిలోనే ముదిరినవాడు కదా, నిప్పు లేనిదే పొగ రాదు. ఏమన్నా దొంగచాటుగా తింటుంటే మానెయ్. జట్టులోకి రావాలని నువ్వు ఎంత ఏడ్చావో నాకు తెలుసు. ఇన్నాళ్లు పడ్డ కష్టం నాలుక మీద పోగొట్టుకోకు తల్లీ.

నీ మంచి కోరే అక్క

*

అక్కకి,

ముందు "ప్రియమైన" అని రాయబుద్ధి కావట్లేదు.

నిన్న మాస్టారు నా పరుపు కత్తితో చీల్చి వెతికాడు. బిస్కెట్లు దాచానట. దూది తప్ప ఏమీ రాలేదు. ఏమీ దొరకలేదన్న ఉక్రోషం మా అందరి పిక్కల మీదా కర్రతో తీర్చుకున్నాడు. ఇవాళ పద్దెనిమిది. నొప్పిగా ఉంది మాస్టారూ, ఈ ఒక్కరోజుకి కుడివైపు వద్దు అన్నాను. గునపంతో "అక్కడే వెయ్యి" అన్నాడు. మెల్లగా వేస్తే దాని తిండి తీసేస్తాడు.

తర్వాత ఒంటికి వెళితే ఎర్రగా వచ్చింది. గునపం చూసి గోడకి తల కొట్టుకుని ఏడ్చింది.

ఇక్కడ అందరూ నన్ను దొంగ అంటున్నారు. నువ్వూ వాళ్ల వరసలోనే నిలబడ్డావు. ఇంక రాయను.

*

ప్రియమైన నా తల్లికి,

నా చెప్పుతో నన్నే కొట్టుకోవాలి. ఆ ఎర్రగా రావడం చదివిన దగ్గర్నుంచి మెతుకు దిగట్లేదు. వచ్చెయ్యవే. జట్టూ వద్దు, ఏమీ వద్దు. రానంటావు, నాకు తెలుసు, మొండిఘటానివి.

పటకార్ల సంగతి నాకు తెలీదు. నాకు తెలిసింది ఇదొక్కటే, కవరులో పెట్టాను, నా టేపు. పొద్దున్నే పరగడుపున, నీళ్లు కూడా తాగకముందు, బొడ్డు మీదుగా చుట్టు. పొట్ట పీల్చకు, బిగబట్టకు, ఊపిరి మామూలుగా వదిలి చూడు. నీ ట్రాక్ ప్యాంటు కుట్టినప్పుడు ఇరవై ఎనిమిది ఉంది. ఒక్క పూట చూసి నమ్మకు, వరసగా నాలుగు పూటలు చూడు.

జవాబు రాకపోతే కత్తెర సంచిలో వేసుకుని బస్సెక్కుతాను. గుడ్డలు కత్తిరించడానికి కాదు.

నీ అక్క

*

ప్రియమైన అక్కకి,

బస్సెక్కు. కానీ కత్తెర ఇంట్లో పెట్టి రా.

నీ టేపు ఇరవై ఆరు చూపించింది, నాలుగు పూటలూ అంతే. నడుము రెండంగుళాలు తగ్గింది, కొవ్వేమో పెరిగింది! టేపు అబద్ధమా, పటకారు అబద్ధమా? బుర్ర బద్దలు కొట్టుకుని, నిన్ను తిట్టుకోవడానికే నీ పాత ఉత్తరం మళ్లీ తీశాను. అందులో మీ సూపర్‌వైజరు బొటనవేలు కనబడింది. కత్తెరలో పట్టని వేలు. ఆ వేలేమీ దొంగతిండి తినలేదు కదా.

బనియన్ ఎత్తి చూసుకున్నాను. కుడి డొక్క కమిలిపోయి నల్లగా ఉంది, నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. గునపం ఎడంచెయ్యి దిగేది అక్కడే, మాస్టారి పటకారు పట్టేదీ అక్కడే. కొడితే వాచుతోంది, వాస్తే ముల్లు పైకి పోతోంది, ముల్లు పైకి పోతే మళ్లీ కొట్టిస్తున్నాడు. నేను తిన్నవి దెబ్బలే అక్కా.

మర్నాడు వరసలో నిలబడి, "మాస్టారూ, ఎడంవైపు కొలవండి" అన్నాను.

"రూలు ప్రకారం కుడివైపే" అన్నాడు.

గునపం ఆయన చేతిలోంచి పటకారు లాక్కుని నా ఎడమ డొక్క పట్టింది. "పదకొండు!" అని గోదాము అదిరేలా అరిచింది. కుడివైపు పట్టింది, పంతొమ్మిది. నేను పన్నెండు కిందికి ఎప్పుడో దిగిపోయానక్కా, ఎవరికీ తెలీలేదు, నాకూ తెలీలేదు.

ఆయన గ్లవ్స్ తొడుక్కుని నన్ను రింగులోకి తోశాడు. మొదటి గుద్దుకి పెదవి చిట్లింది, రెండోదానికి పన్ను ఊడి నాలుక మీదికొచ్చింది. తాళ్లకి నొక్కి పెట్టి మొహం మీదే బాదుతున్నాడు. కోపంలో మోచేతులు పైకి లేచిపోయాయి, కిందంతా ఖాళీ. ఎడంచేత్తో మూడు ఇచ్చాను, మూడూ ఒకే చోట, మాకు ఆయన నేర్పిన చోటే. కూలబడి కక్కుకున్నాడు.

రాడనుకున్నాం. పొద్దున్నే వచ్చాడు, ఒక పక్కకి వంగి నడుస్తూ. పటకారు నా దగ్గరే ఉంది. గునపం వెనకనుంచి రెక్కలు విరిచి పట్టుకుంది. చొక్కా పైకి లాగి కొలిచాను. ఎడంవైపు ఇరవై రెండు, కుడివైపు ముప్ఫై.

"రాత్రి దొంగచాటుగా ఏం తిన్నారు మాస్టారూ?" అన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఎనిమిది ఎక్కువ, ఆయన లెక్క ప్రకారమే ఎనిమిది రౌండ్లు. చెప్పకుండానే అందరూ గ్లవ్స్ తొడుక్కుంటున్నారు. నేను పిడికిలి బిగించేసరికి ఆయన, "కుడివైపు వద్దమ్మా, నొప్పిగా ఉంది" అన్నాడు.

ఆ మాటకి ఆగాల్సింది. ఆగలేదు. "రూలు ప్రకారం కుడివైపే" అని కొట్టాను. తర్వాత ఎవరు ఎన్ని కొట్టారో నేను చూడలేదు. తడిక అవతల ఒంటికి వెళ్లి, రక్తం చూసి అక్కడే పడిపోయానట.

ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాను. కిడ్నీకి దెబ్బ తగిలిందట, పోదులే, మానుతుంది అన్నారు. ఆయన కింద వార్డులో ఉన్నాడు, ఎముకలు విరిగాయట. పోలీసులు వచ్చి అందర్నీ అడిగి రాసుకున్నారు. సెలెక్షన్ ఆగిపోయింది, నా పేరు ఇంకెక్కడా రాయరు. ఫోను ఆ అలమరాలోనే ఉంది, నీ నంబరు నాకు నోటికి రాదు. గునపమే ఈ ఉత్తరం డబ్బాలో వేస్తుంది. దానికెవరూ లేరు, మనింటికి తీసుకొస్తాను, కాదనకు.

ఇందాక నర్సు డొక్క మీద చెయ్యి పెట్టబోయింది. నేను అదిరిపడి జరిగాను. "నొప్పిగా ఉందా? అయితే ముట్టుకోనులే" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

అంతే, అక్కా. అన్ని దెబ్బలకీ ఇలా ఏడవనిదాన్ని ఆ మాటకి దిండు తడిసేలా ఏడ్చాను. ఆమెకేమీ అర్థం కాలేదు. నువ్వు తొందరగా రా.

నీ పిడుగు