కుమారు చూసే సీరియల్‌లో ఏముందంటే

కాట్టుపల్లి,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు గోవిందు నమస్కారాలు. వేళకు తిని, పనికి పోయి వస్తూ నేను ఇక్కడ బాగానే ఉన్నాను. నువ్వూ బావా పాపా ఒంట్లో నలత లేకుండా ఉన్నారని అనుకుంటాను. బావ నడుంనొప్పి తగ్గిందా? నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ తమ్ముడు కుమారు చేతిలోనే ఉంటుంది కాబట్టి నేనూ కాగితం మీదే రాస్తున్నాను. మనిద్దరం చదివిన తెలుగు బడి వాడి నాటికి మూతపడింది. ఇది వాడి కంట పడినా చదవలేడు.

నాకు ఓడ రేకుల తుప్పు గీకే పని ఇచ్చారు. ముఖానికి గుడ్డ కట్టుకున్నా సాయంత్రానికి ఉమ్మితే ఎర్రగా పొడి వస్తుంది. భయపడకు, ఇక్కడ అందరికీ అంతే. సముద్రపు గాలికి ఉతికిన చొక్కా ఎప్పటికీ ఆరదు. గదిలో మిగతా నలుగురూ ఒరిస్సావాళ్ళు, మంచివాళ్ళే. రోజూ ఉర్లగడ్డ కూరే వండుతారు. పక్కన కూర్చుని మన భాషలో మాట్లాడేవాళ్ళు లేరు. అయినా బాగానే ఉన్నాను.

ఇక నువ్వు అడిగిన సంగతి. కవరైపేట్టై ఫ్యాక్టరీలో కాంట్రాక్టు ముగిసి వచ్చినప్పటి నుంచి తమ్ముడు మగ్గం గదిలో పడుకుని చూస్తున్న ఆ జపాన్ బొమ్మల సీరియల్, ఆ అనిమే, వాణ్ణి పాడుచేస్తోందేమో చూసి చెప్పమన్నావు. ఇరవై నాలుగు భాగాలూ చూశాను. కంపెనీ బస్సులోనూ, అన్నం తిన్నాక దొరికే కాసేపట్లోనూ చూసేసరికి రెండు వారాలు పట్టింది.

సూర్యుడు ఉదయించడం మానేసిన దేశం అది. ఊరి చుట్టూ గోడ, గోడ అవతల భూతాలు. కాపలా కాసే ఒక పడుచు కుర్రాడు భూతాన్ని చంపిన ప్రతిసారీ, అతణ్ణి ఎరిగినవాళ్ళలో ఒకరు అతణ్ణి మరిచిపోతారు. చివరికి కన్నతల్లే తలుపు తీసి, ఎవరు నాయనా, ఏం కావాలి అని అడుగుతుంది. అక్కడ నేను బస్సు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

పిల్లల బొమ్మలు అనుకున్నాను, కాదు. వాన ఎంత బాగా గీశారంటే చలి వేస్తుంది. భూతాలూ ఒకప్పుడు మనుషులే కాబట్టి అవి చచ్చినా సంతోషం కలగదు. లోపాలూ ఉన్నాయి. నెత్తురు మరీ ఎక్కువ. ఆడవాళ్ళు వచ్చేది చావడానికే. నడిమధ్యలో ఒక యుద్ధాన్ని ఏడు భాగాలు సాగదీశారు. ముగింపు అసలు ముగింపే కాదు, కావలివాడు చీకట్లో నడుచుకుంటూ పోతాడు, అంతే.

మొన్న శుక్రవారం భోజనాల వేళ కుమారుకు ఫోన్ చేశాను.

"ఏమన్నా, ఈ టైములో చేసినావు?"

"సుమ్మానే రా, ఊరికే. ఆ గోడ కాసేవాడి సీరియల్ చూసినా."

"నిజంగానా? యాడ వరకు?"

"కడాకు, ఇరవై నాలుగూ. ఆ యుద్ధం మాత్రం బోరు కొట్టింది."

వాడు నవ్వాడక్కా. తర్వాత ఆ వాన గురించి, ఆ గోడ రాళ్ళ గురించి నా భోజనం టైము అయిపోయేదాకా చెప్పాడు. నా ప్రాణం లేచివచ్చింది. ఆ సంతోషంలోనే, దాంట్లో నీకు నచ్చనిది ఏమిరా అని అడిగాను.

"వాడు దినామూ లేస్తాడన్నా. ఎంత దెబ్బ తగిలినా గంట కొడితే లేచి గోడకాడికి పోతాడు. అదొకటే అబద్ధం. అట్ల ఎవురూ లేయలేరు."

"ఫ్యాక్టరీలో ఏమన్నా జరిగిందా?"

"ఏమీ జరగల. మూడేండ్లు దినామూ ఆ గేటు సెక్యూరిటీకి వణక్కం చెప్పినా. కడా దినం నా కార్డు వాపసు తీసుకోని, నీ పేరేమప్పా అని అడిగినాడు. అంతే."

"నేను వస్తా రా."

"వద్దన్నా. నువ్వొస్తే నేను లేయాల."

సీరియల్ వాణ్ణి పాడుచేయలేదక్కా. అది ఆపేస్తే వాడు బాగవుతాడన్న ఆశ కూడా నాకు లేదు. బావ ఆ ఫోను పగలగొడతానంటే ఒప్పుకోకు. వాడు మాట్లాడేది దాని గురించే. మగ్గం గదిలో ఉన్న అద్దకం మందు డబ్బాలన్నీ ఇవాళే తీసి తాళం వేసి పెట్టు. పాపను వాడి దగ్గరే ఆడుకోనీ, వాణ్ణి ఒంటరిగా వదలకండి. సూపర్‌వైజరు, ఓడ కదిలేదాకా లీవు లేదు, పోతే మళ్ళీ రావద్దు అన్నాడు. అయినా కూలి డబ్బు చేతికి రాగానే, వచ్చే శనివారం బయలుదేరుతున్నాను. తిరువళ్ళూరు పెద్దాసుపత్రిలో మనసుకు చూసే డాక్టరు ఉంటారట, తీసుకుపోతాను. వాడు వస్తాడో రాడో తెలియదు.

పోస్టయితే ఆలస్యమవుతుందని ఇవాళ ఇటు వచ్చిన చెంగయ్య మామ చేతికిస్తున్నాను. ఆయన ఈ సాయంత్రమే ఊరికి వస్తున్నాడు.

ఫోను పెట్టేముందు ఇంకో మాట అడిగాను. వచ్చే ఏడు ఆ కథకు తరువాయి వస్తుందంట, ఇద్దరం కలిసి చూద్దామా అన్నాను. "అంతవరకు ఎవురుంటారులే అన్నా" అన్నాడు, మామూలుగా, అన్నం తిన్నావా అని అడిగినట్టు.

బావకు నా నమస్కారాలు చెప్పు, పాపకు ముద్దులు. మా ఇద్దరినీ దీవించు.

నీ తమ్ముడు
గోవిందు