నవాబు మొక్కుబడి

హాలియా

ప్రభువునందు ప్రియమైన అక్క సిస్టర్ రూపకు, తమ్ముడు సాల్మన్ వందనాలు.

ఫోన్లో నీకు మాట్లాడటమే గానీ వినడం రాదు, ఉత్తరం రాయి అన్నావు. అందుకే రాస్తున్నాను. అక్కా, తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ఆదివారం జ్ఞానోపదేశం నన్నే చెప్పమన్నారు ఫాదర్ గారు. మంచేదో చెడేదో వాళ్లంతట వాళ్లు తేల్చుకునేలా తయారుచేయాలట. ఇన్నేళ్లూ చిన్నపిల్లలతో జపాలు వల్లె వేయించిన ఉపదేశికి ఎంత పెద్ద పని. సంతోషానికి అన్నం సహించలేదు.

మొదటి ఆదివారం పది ఆజ్ఞలూ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. మనీష అనే పిల్ల లేచి, "గవి మాకొచ్చు సార్. రెండు దిక్కులా న్యాయమే కనిపిస్తే ఏం జెయ్యాలె?" అంది. నేను నీళ్లు తాగాను. మళ్లీ అడిగింది. మళ్లీ తాగాను. చెంబు ఖాళీ అయ్యాక ముగింపు ప్రార్థన చేసి పంపించేశాను. ఏం చెప్పమంటావు?

నీ తమ్ముడు,
సాల్మన్

తా.క.: మా ఎర్ర పుంజు నవాబు గుర్తున్నాడా? పిల్లగా ఉన్నప్పుడు కుక్క నోట పడితే, బతికితే కోతల పండుగకు గుడికి ఇస్తానని మొక్కాను. బతికాడు. బతకడమంటే అలా ఇలా కాదు, వాడి నడక చూసి మనుషులే పక్కకు జరుగుతున్నారు. బదులుగా అంతే బరువున్న పెట్టను ఇస్తే దేవుడు ఏమైనా అనుకుంటాడా?

*

నల్లగొండ కాన్వెంటు

తమ్ముడికి, మరదలు హరితకు దీవెనలు.

ముందు నీళ్లు తాగడం మానెయ్. జవాబు నువ్వు చెప్పకు, వాళ్ల చేతే చెప్పించు. ఊళ్లో జరిగేలాంటి చిక్కు ఒకటి వాళ్ల ముందు పెట్టు. చేసే పని ఎలాంటిది, ఏ ఉద్దేశంతో చేస్తున్నాం, పరిస్థితి ఏమిటి అని మూడూ చూడమను. ఉద్దేశం ఎంత మంచిదైనా చెడ్డపని మంచిదైపోదని మాత్రం గట్టిగా చెప్పు. ఆ తర్వాత ప్రార్థన చేసుకుని మనస్సాక్షి మాట వినమను. ఎవరి పేరూ ఎత్తకు. ఎవరినీ నలుగురిలో చిన్నబుచ్చకూడదు.

ప్రేమతో,
అక్క

తా.క.: దేవుడి దగ్గర తక్కెడ లేదు. ఆ పెట్ట సంగతిలో ఈ మూడు ప్రశ్నలూ నువ్వూ వేసుకో.

*

హాలియా

అక్కకు వందనాలు.

క్లాసు అదిరిపోయింది. ఒకాయన బిడ్డకు జ్వరం తగ్గితే మంచి పొట్టేలును ఇస్తానని మొక్కాడు, తగ్గాక బక్కదాన్ని ఇద్దామని చూస్తున్నాడు, ఏం చేయాలి అని అడిగాను. పుంజు అనలేదు. నేను అంత అమాయకుణ్ణి కాదు. "పొట్టేలు మీద పాణం వెట్టుకున్నడేమో సార్" అని విజేందర్ వాదన. "ఇచ్చిన మాటకు పాణం లేదా?" అంది మనీష. గంట కొట్టినా ఒక్కరూ లేవలేదు. మంగళవారం యువజన సభకు నల్లగొండ వచ్చి నీ దగ్గర లడ్డూలు తిన్నారటగా.

కానీ గురువారం కొంప మునిగింది. మా పక్కింట్లో గొర్లు కాసే గోపయ్య కట్టె పట్టుకుని వచ్చాడు. "ఏం ఉపదేశీ, మొక్కిన పొట్టేలును దాచుకున్నోడు ఎవడు? గీ వాడల గొర్లున్నోడు నేను గాక ఇంకెవడు? నేనేమన్న మల్లన్నకు మొక్కి మరిచిన్నా?" అన్నాడు. అంటే పాపం, నిజంగానే మొక్కు ఎగ్గొట్టాడన్నమాట. తెలియక మంచి మనిషి పరువు తీశాను. ఇప్పుడేం చేయను?

దిగులుతో,
సాల్మన్

తా.క.: నవాబు సంగతిలో నువ్వు చెప్పిన ప్రశ్నలు వేసుకున్నాను. ఉద్దేశం, పరిస్థితి రెండూ నా వైపే వచ్చాయి. మొదటిది ఇంకా అడగలేదు.

*

నల్లగొండ కాన్వెంటు

తమ్ముడూ, బాగున్నావా?

గోపయ్య అన్న ఏం అడిగాడో నిదానంగా విన్నావా? ఎవరో ఒకరు పోయి ఆయనతో మాట్లాడొద్దా? ఉపదేశి కాక ఇంకెవరు మాట్లాడాలి? కోతల పండుగ ఈ ఆదివారమే కదా?

అక్క

తా.క.: నవాబు ఎలా ఉన్నాడు?

*

హాలియా

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం నిండా ప్రశ్నలే, ఒంట్లో బాగానే ఉందా? నీ మాట పట్టుకుని గోపయ్య ఇంటికి పోయాను. మా క్లాసు పిల్లలంతా అక్కడే అరుగు మీద పల్లికాయలు వొలుస్తున్నారు. "సిగ్గుపడకు అన్నా, మంచి జీవాన్ని జూస్తే ఎవ్వలకైనా మనసు గుంజుతది. ఇచ్చెయ్యి, పాణం నిమ్మళమైతది" అన్నాను. ఆయన నా మొహంలోకి చూసి, "నువ్వైతే ఇస్తవా?" అన్నాడు. "ఇస్త" అనేశాను. "ఎప్పుడు?" అన్నాడు. పల్లికాయల చప్పుడు ఆగిపోయింది. "ఆదివారం" అన్నాను.

ఆదివారం నవాబుకు స్నానం పోసి, పీఠం ముందు వరికంకుల పక్కన పెట్టాను. కళ్లలో నీళ్లు తిరిగితే దుమ్ము పడిందన్నాను. పూజ అయ్యాక కానుకల వేలంలో చిట్యాల హోటలాయన వాడిని బిర్యానీ చూపు చూస్తూ పాట పెంచుతుంటే నేను తల పక్కకు తిప్పుకున్నాను. అంతలో గుమ్మం దగ్గర ఎవరో తువ్వాల ఊపారు. చూస్తే గోపయ్య. చివరికి పాట ఆయనకే పోయింది. ఇప్పుడు నవాబు ఆయన గోడెక్కి సరిగ్గా నా కిటికీలోకి కూస్తున్నాడు.

ఇంత సంతోషం నేనెప్పుడూ ఎరగను అక్కా. నన్ను చూసి గోపయ్య కూడా మొక్కు తీర్చుకుంటాడు. పిల్లలకు నా సంగతి ఏమీ తెలియదు, దేవుడికి స్తోత్రం.

నీ తమ్ముడు,
సాల్మన్

తా.క.: ఆయన పొట్టేలు ఇంకా మందలోనే తిరుగుతోంది. ఒకసారి గుర్తు చేయనా?

*

నల్లగొండ కాన్వెంటు

తమ్ముడికి దీవెనలు.

గుర్తు చేయకు. గోపయ్య అన్న ఏమీ మొక్కలేదు.

ఆ మంగళవారం లడ్డూలు తింటూ పిల్లలు నాతో అంతా చెప్పారు. నవాబు మొక్కు సంగతి వాడంతా ఎరిగిందేనట. సార్ పొట్టేలు అన్నాడు గానీ, చెప్పినంతసేపూ కిటికీలోంచి బయట తిరిగే నవాబునే చూశాడట. నిన్ను చిన్నబుచ్చకుండా నీ మొక్కు తీర్పించాలని వాళ్ల ఆరాటం. "మొక్కు ఎగ్గొట్టిన అని గోపయ్య మామతోని చెప్పిద్దాం" అన్నాడు విజేందర్. "గది అబద్ధం. సార్ మంచికే అయినా అబద్ధం అబద్ధమే" అంది మనీష. బస్సు వేళ దాకా వాదించుకుని ఒకటి తేల్చారు. ఎవరూ ఏమీ చెప్పకూడదు, అడగాలి అంతే. గోపయ్య అన్న మాటలు మళ్లీ గుర్తు తెచ్చుకో, అడగడం తప్ప ఒక్క ముక్క చెప్పాడా? నా ఉత్తరం కూడా తీసి చూడు. అది రాసేసరికి నాకు చెమటలు పట్టాయి.

నీ దగ్గర నేర్చుకున్నది ముందు నీ కోసమే వాడారు. నాకు చాలా గర్వంగా ఉంది తమ్ముడూ.

ప్రేమతో,
అక్క

తా.క.: నిన్న మనీష ఫోన్ చేసింది. "సిస్టర్, అవతలోళ్లు తప్పుగ అనుకుంటరని తెల్సే అడిగితే, గది కూడ అబద్ధమే అయితదా?" అంది. నేను నీళ్లు తాగాను. మళ్లీ అడిగింది. ఆదివారం మీ సార్ చెబుతాడన్నాను.