వార్డెన్ చదివిన అంకెలు

అక్కకు నమస్కరించి చెల్లి రాయునది. నేను క్షేమం. నువ్వూ బావా కాస్త తేరుకున్నారనీ, నువ్వు వేళకు తింటున్నావనీ నమ్ముతున్నాను.

దగ్గు తగ్గిందా అని అడిగావు, తగ్గింది. మందు చేదు మాత్రం ఇంకా నాలుక మీదే ఉంది. "నా ఉత్తరం ముందే ఎవరైనా విప్పారా?" అని కూడా అడిగావు. ఇన్నాళ్ళూ ఆ మాట దాటేశాను. ఇప్పుడు చెబుతాను.

బిడ్డ కడుపులోనే పోయిందని నువ్వు రాసిన ఉత్తరాన్ని మా హాస్టల్ వార్డెన్ విప్పి, భోజనాల గదిలో అందరి ముందూ గొంతు మార్చి చదివింది. "ఏడుపు కూడా ఎంత అందంగా రాసిందే మీ అక్క!" అని నవ్వింది. నాకు ముద్ద దిగలేదు. ఆ నోటితోనే తను చేసిన పనిని కక్కించాలని అప్పుడే అనుకున్నాను.

నువ్వు లెక్కలు చెబుతూ నేర్పిన ఆట ఉందిగా? అక్షరాలకు అంకెలు వేసి, రెండేసి చొప్పున అంకెల గడిలాంటి మాత్రికతో గుణిస్తే మాట దాక్కుంటుంది. విలోమ మాత్రికతో గుణిస్తే బయటికొస్తుంది. అలా అన్నీ అంకెలతోనే ఒక ఉత్తరం రాశాను. పైన 'ప్రియమైన నీకు' అని మాత్రం మామూలుగా రాసి, ఆవిడ గది ముందున్న టపా పెట్టెలో వేశాను.

అనుకున్నట్టే పట్టుకుంది. కాలేజీ కమిటీవాళ్ళు వచ్చిన రోజు నన్ను పిలిపించింది.

"ప్రేమ వ్యవహారమండీ! విప్పవే, అందరి ముందూ విప్పు" అని సుద్దముక్క చేతిలో పెట్టింది.

కమిటీతో వచ్చిన లెక్కల మాస్టారు పక్కనే నిలబడి ప్రతి గుణకారమూ సరిచూశారు. బోర్డు మీద ఒక్కో మాట తేలుతుంటే ఆవిడే హుషారుగా పైకి చదివింది. "మా... అక్క... బిడ్డ... పోయిన... ఉత్తరం... విప్పి..." అక్కడ ఆగిపోయింది.

"చదవండి మేడమ్" అన్నాను.

మిగతాది మాస్టారు చదివారు: "అందరికీ వినిపించి నవ్వింది వార్డెనే."

కమిటీ పెద్దావిడ వంటామెను పిలిచి అడిగింది. "నిజమేనమ్మా, వడ్డిస్తూ నేనూ విన్నాను" అందామె.

వార్డెన్ ఉద్యోగం పోయింది. పెట్టె సర్దుకుని వెళ్తూ నా గది గుమ్మంలో నిలబడి, "నన్ను క్షమించవే" అంది. ముఖం మీదే తలుపేశాను. ఆ రోజు కడుపునిండా తిన్నాను, అబద్ధమెందుకు.

కానీ అక్కా, ఒకటి ఒప్పుకోవాలి. ఆవిణ్ణి దెబ్బతీయడానికి నీ కడుపుకోతను నేనూ వాడుకున్నాను. ఆవిడ నోట 'బిడ్డ' అన్న మాట వినగానే నా చేయి ఆగింది. తుడిచేసి ఉండొచ్చు. తుడవలేదు.

కోపమొస్తే తిట్టు. కవరెందుకు, కార్డు మీదే తిట్టు.

ఇట్లు,
నీ మాట నిన్నడక్కుండా పదిమందిలో పెట్టిన
చెల్లి