గిడ్డంగి పలకకపోతే

ప్రియమైన స్క్రూడ్రైవర్‌కి,

చిన్నప్పుడు ఇంట్లో రేడియో విప్పి కూర్చున్నందుకు మీ అక్క నీకు పెట్టిన పేరు ఇది. ఇక మీదట నేను వాడతాను.

మీ అక్క ఆఖరి రోజు ఎలా గడిచిందని అడిగావు. అప్పుడు నువ్వు ఇంకా దారిలోనే ఉన్నావు కాబట్టి రాస్తున్నాను.

పొద్దున కిటికీ తెరవమంది. తెరిచాను. సగం గ్లాసు పాలు తాగింది. నర్సు దిండు సరిచేసి వెళ్లింది. నేను మంచం పక్కన లాప్‌టాప్ పెట్టుకుని పని చేస్తున్నాను. ఊరికే కూర్చుని తననే చూడొద్దని, పని తెచ్చుకోమని తనే అంది.

నా పని నీకు తెలుసు. కంప్యూటర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించే ఇన్‌స్టాలర్‌ను పరీక్షించడం. అది ప్రోగ్రాములను ఒక గిడ్డంగి నుంచి తెచ్చుకుంటుంది. మేము రిపాజిటరీ అంటాం. గిడ్డంగి చిరునామా తప్పయితే, అక్కడ సరుకు లేకపోతే, దారి మధ్యలో తెగిపోతే ఇన్‌స్టాలర్ ఏం చేస్తుందో చూడాలి. ఆ రోజు మూతపడిన గిడ్డంగి చిరునామా ఇచ్చాను. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

మీ అక్క తల తిప్పి చూసి, ఏమిటది గానుగెద్దులా అంది. గిడ్డంగి పలకడం లేదన్నాను.

"లేకపోతే లేదని చెప్పేయొచ్చుగా. పాపం, మనుషులు ఎంతసేపని చూస్తారు?"

ఇద్దరం నవ్వాం. మధ్యాహ్నం నిద్రపోయింది. సాయంత్రం ఆ నిద్రలోనే పోయింది. చక్రం అప్పటికీ తిరుగుతోంది. లాప్‌టాప్ మూసేశాను.

ఒక మాట. ఫోన్ చేయకు. నీ గొంతులో మీ అక్క విరుపు ఉంది. నువ్వు 'హలో' అంటే తను అన్నట్టే ఉంటుంది. మెయిల్ రాయి, ఉత్తరంలా రాయి.

ఉంటాను,
మీ బావ

*

ప్రియమైన బావకి,

షాపు షట్టర్ సగం దించి నీ ఉత్తరం చదివాను. తర్వాత పూర్తిగా ఎత్తేశాను. ఏడుస్తూ కూర్చుంటే రిపేర్లు ఎవడు చేస్తాడని అక్క తిడుతుంది.

ఫోన్ వద్దన్నావు, సరే. ఈ వయసులో కొత్త గొంతు ఎక్కడ తేను? జలుబు చేసినప్పుడు కబురు పెడతాను, అప్పుడు మాట్లాడుకుందాం.

ఈలోగా ఒక చిక్కు. పక్క కొట్టు టైలరమ్మ కంప్యూటర్‌లో మీ సిస్టమ్ ఎక్కిస్తున్నాను. అసలు గిడ్డంగి కాక, కుట్టు డిజైన్ల ప్రోగ్రాం కోసం ఇంకొకటి చేర్చాను. వద్దనుకుని తీసేశాను. తీసేసినా మీ ఇన్‌స్టాలర్ దాన్నే వెతుకుతోంది. "మా ఆయనే నయం, పారేసిన చొక్కా మళ్లీ వెతకడు" అంటోంది టైలరమ్మ. ఏం చెప్పను?

ఆఫీసుకి ఎప్పుడు వెళ్తున్నావు? అడగడం లేదు, ఊరికే రాశాను.

నీ జవాబు కోసం చూస్తూ,
స్క్రూడ్రైవర్

*

ప్రియమైన స్క్రూడ్రైవర్‌కి,

డాక్టరు దగ్గరికి వెళ్లి "ఒంట్లో బాలేదు" అని ఊరుకున్నట్టుంది నీ ఫిర్యాదు. మొదట ఏం చేశావు, తర్వాత ఏం చేశావు, తెర మీద ఏం కనిపించింది? వరసగా రాయి.

ఇక్కడ చేసి చూశాను. గిడ్డంగి చేర్చి తీసేశాను. రెండు చేర్చి ఒకటి తీసేశాను. నెట్ ఆపి తీసేశాను. ప్రతిసారీ బుద్ధిగా మరిచిపోయింది.

ఆఫీసు సంగతి. గిడ్డంగి పరీక్షలు నువ్వే చేస్తావా, వేరేవాళ్లకి ఇవ్వనా అని మా టీమ్ పెద్దామె అడిగింది. శుక్రవారంలోగా చెప్పాలి. ఇంకా చెప్పలేదు. నేను ఆ పని తెరిచి కూర్చుంటే పక్కన మంచం ఉండేది.

గోడ గడియారం కాస్త ముందుకే నడుస్తోంది, మీ అక్క పెట్టినట్టే. మార్చలేదు.

ఉంటాను,
మీ బావ

*

ప్రియమైన బావకి,

పోలీసులు కూడా ఇన్ని ప్రశ్నలు అడగరు. రాసుకో. గిడ్డంగి చేర్చాను. తీసేశాను. ఏదో గుర్తొచ్చి వెనక్కి వెళ్లాను, మొదటి తెరలో భాష మార్చాను, మళ్లీ ముందుకొచ్చాను. కాలుగాలిన పిల్లిలా తిరిగాననుకో. అప్పుడు తెర మీద "ఈ గిడ్డంగి ఇప్పుడు లేదు, దయచేసి మరో చోటు చెప్పండి" అని వచ్చింది. చాలా?

ఇంకో మాట, కోపం తెచ్చుకోకు. నువ్వూ నీ ఇన్‌స్టాలరూ ఒక్కటే బావా. అడిగితే పలకరు. చేయనంటే చేయనని ఆవిడకి చెప్పెయ్యి. పాపం, ఎంతసేపని చూస్తుంది?

నాకూ అక్క ఒక్కతే. ఇప్పుడు నువ్వొక్కడివే.

ఇంకా జలుబు చేయని
స్క్రూడ్రైవర్

*

ప్రియమైన స్క్రూడ్రైవర్‌కి,

నువ్వు అబద్ధమాడావు. మా ఇన్‌స్టాలర్‌కి 'దయచేసి' అనేంత మర్యాద లేదు. గిడ్డంగి దొరక్కపోతే నోరు మెదపకుండా చక్రం తిప్పుతుంది. దాని జబ్బే అది. లేదని చెప్పమన్నది మీ అక్క. ఆ మాట నా ఉత్తరంలోంచే తీసి తెర మీద అతికించావు. టైలరమ్మకి కంప్యూటర్ ఉందా అన్నదే నా అనుమానం. "వాడికి అబద్ధం అతకదు" అని నీ గురించి మీ అక్క ఎప్పుడూ అనేది.

నా చేత పని చేయించాలని ఆడావు. తెలుసు.

అయినా నువ్వు చెప్పిన వరసలోనే చేసి చూశాను. అలవాటు. చేర్చాను, తీసేశాను, వెనక్కి వెళ్లి భాష మార్చి ముందుకొచ్చాను. తీసేసిన గిడ్డంగి దర్జాగా మళ్లీ వచ్చి కూర్చుంది. దాని కోసం చక్రం మొదలైంది. ఇంకోసారి చేశాను. మళ్లీ వచ్చింది. మాలో ఎవరికీ ఈ దారి తట్టలేదు. పని తెలిసినవాళ్లు అంత దూరం వచ్చాక భాష మార్చడానికి వెనక్కి వెళ్లరు. అబద్ధమాడేవాడు మాత్రమే వెళ్తాడు.

"చూశావా" అన్నాను, పక్కకి తిరిగి. తర్వాత లేచి మంచినీళ్లు తాగి వచ్చి, టెస్ట్ కేసులు రాశాను, అంటే ఏం చేసి చూడాలి, ఏ ఫలితం రావాలి అన్నవి. ఒకటి నీ పిల్లి నడక. రెండోది మూతపడిన గిడ్డంగి. రావలసిన ఫలితం దగ్గర ఇలా రాశాను: లేకపోతే లేదని చెప్పాలి. మరో చోటు అడగాలి. మనుషుల్ని ఊరికే ఎదురుచూడనివ్వకూడదు.

పెద్దామెకి పంపాను. ఈ పరీక్షలు నావేనని, సోమవారం వస్తానని కూడా చెప్పాను. మూడో వాక్యం టెస్ట్ కేసు భాష కాదు, అయినా ఉండనివ్వు అని జవాబిచ్చింది.

టైలరమ్మ నిజంగా ఉంటే, వాళ్లాయన చొక్కా మాట బాగుందని చెప్పు.

జలుబు కోసం ఆగక్కర్లేదు. రేపు పొద్దున నువ్వు షట్టర్ ఎత్తే వేళకి నేనే ఫోన్ చేస్తాను.

మీ బావ