ఆ రోజు జవాబు చెప్పిందెవరు

రాజమండ్రి దానవాయిపేటలో నివాసముంటూ, మహిళా కళాశాలలో లెక్కలు చెప్పి రిటైరైన రత్నమాణిక్యం అను నేను, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, పూర్తి స్పృహతో వ్రాసుకున్న వీలునామా. ‘పూర్తి స్పృహతో’ అని చేర్చమన్నారు వకీలు చంద్రరావు గారు. చేర్చాను. కాని ఆ మాట మీద నాకు నమ్మకం సడలింది. ఎందుకో మూడో అంశంలో ఉంది.

1. నా ఇల్లు తమ్ముడు పాస్టర్ ఏసురాజుకు సర్వహక్కులతో చెందాలి. పెరట్లో కరివేపాకు పక్కింటి అప్పాయమ్మను ఎప్పటిలాగే కోసుకోనివ్వాలి.

2. కాలేజీ కంప్యూటర్ గది మారుతాళంచెవి శివరామకృష్ణ గారికి. ఆయన ప్రిన్సిపాల్‌గా ఉండగా, ఆడపిల్లలు ముట్టుకుంటే పాడైపోతాయని కంప్యూటర్లకు గుడ్డలు కప్పి తాళం వేయించారు. ఆదివారాలు చర్చి ఎగ్గొట్టి ఆ గది పిల్లలకు నేను దీంతోనే తీశాను.

3. నా కంప్యూటరు, పుస్తకాలు శిష్యురాలు దుర్గాశ్రీకి. తెలుగులో అడిగితే తెలుగులో జవాబిచ్చే ప్రోగ్రాం ఆ గదిలోనే రాసింది. మనిషిలా జవాబిచ్చే యంత్రం వచ్చిన రోజున దానికీ స్పృహ ఉందని ఒప్పుకోవాల్సిందేనని నేను వాదించేదాన్ని. “లేదండి మేడం, నేను రాసిందే అది పలుకుతోందండి” అనేది. తమ్ముడైతే “ప్రాణం పోసేది దేవుడక్కా” అని లేచిపోయేవాడు.

కిందటేడు నాకు ఆపరేషనైంది. మత్తు వదలకముందే నర్సు అడిగితే నా పేరు, ఊరు, తమ్ముడి ఫోన్ నంబరు తప్పు లేకుండా చెప్పానట. నాకొక్కటీ గుర్తులేదు. లోపల ఎవరూ లేకుండానే జవాబు వస్తుందన్నమాట, ఇన్నేళ్ల నా వాదన వీగిపోయిందని తమ్ముడితో అన్నాను. వాడు, “నొప్పి నొప్పని ఏడ్చావక్కా. పక్కనే ఉన్నాను. ఎవరూ లేరని ఎలాగంటావు?” అన్నాడు.

అప్పటినుంచి నాకు కుదురు లేదు. యంత్రం సంగతి తర్వాత, ఆ ఏడ్చింది నేనో కాదో నాకే తెలియడం లేదు. దుర్గాశ్రీ, నావల్ల తేలలేదు, నువ్వు తేల్చు. తేలేలోగా ఏ యంత్రమైనా నొప్పి అంటే మాత్రం నవ్వకు.

4. ఉప్పాడ చీర అప్పాయమ్మకు. మంచాన ఉన్నన్నాళ్లూ జావ తెచ్చి, తాగేదాకా కదిలేది కాదు.

5. ఈ ఒక్క అంశం నేను పోయాక కాదు, ముందే అమలు కావాలి. అందుకే నకలు ఏసురాజుకు ఇప్పుడే ఇచ్చాను. తమ్ముడూ, ఈమెకిక ఏమీ తెలియదని డాక్టర్లు చెప్పిన రోజున గదిలోంచి వెళ్లిపోకు. ప్రార్థన చేసుకుంటావో, నాతో పోట్లాడతావో నీ ఇష్టం. చెయ్యి మాత్రం వదలకు.

రాజమండ్రి, 14 ఆగస్టు 2002
(సం) రత్నమాణిక్యం

సాక్షులు: చంద్రరావు (వకీలు), జీవరాజు (మందుల షాపు)